స్పేసరా, కాయిల్ స్ప్రింగా? బండి ఎత్తు పెంచే ముందు తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొత్తగా థార్, జిమ్నీ, గూర్ఖా వంటి జీపు బండ్లు కొన్నవారు తొలి సర్వీసింగు దాటకముందే అడిగే మాట: “ఎన్ని అంగుళాలు పెంచవచ్చు?” దానికంటే ముందు తేల్చుకోవలసింది వేరే ఉంది. బండి మీద ఎన్ని కిలోలు మోస్తారు? ఈ లెక్క తెలిస్తే స్పేసరు చాలునో, స్ప్రింగు మార్చాలో, అసలు రెండూ అక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

స్పేసరుకూ కాయిల్ స్ప్రింగ్ లిఫ్టుకూ తేడా ఏమిటి?

స్పేసరు అంటే కంపెనీ స్ప్రింగుకు పైనో కిందో పెట్టే మందపాటి బిళ్ల. పాలీయురెథేన్, నైలాన్, అల్యూమినియం, ఉక్కు, వీటిలో దేనితోనైనా చేస్తారు. స్ప్రింగు పాతదే, షాక్ అబ్జార్బరు పాతదే. మధ్యలో బిళ్ల చేరినందువల్ల బాడీ పైకి లేస్తుంది. కాయిల్ స్ప్రింగ్ లిఫ్టులో కంపెనీ స్ప్రింగును తీసేసి, దాని చోట పొడవైనదో గట్టిదో, చాలాసార్లు రెండు గుణాలూ ఉన్నదో వేస్తారు.

స్పేసరు మార్చేది ఎత్తును మాత్రమే. స్ప్రింగు ఎత్తుతోపాటు బరువు మోసే తీరును కూడా మారుస్తుంది. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నంత మాత్రాన మోకాళ్లకు బలం రాదు కదా, స్పేసరు సంగతీ అంతే.

స్పేసరు వేయించాక గుంతల్లో బండి టకటక కొడుతోంది. స్ప్రింగు గట్టిపడిందా?

స్ప్రింగు గట్టిపడలేదు. దాన్ని ఒక మిల్లీమీటరు నొక్కడానికి నిన్న ఎన్ని కిలోలు కావాలో ఈ రోజూ అన్నే కావాలి. మీరు వింటున్న చప్పుడు చాలావరకు షాక్ అబ్జార్బరుది. చక్రం గుంతలోకి జారినప్పుడు షాక్ పూర్తిగా సాగిపోయి, ఇక సాగడానికి చోటు లేక టక్కున ఆగుతోంది.

లెక్క కోసం ఒక షాక్ మొత్తం కదలిక 200 మి.మీ. అనుకుందాం. బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం పైకి కదలడానికి 110, కిందికి దిగడానికి 90 మి.మీ. ఉంటుంది. బిగుసు ఇరుసు (రెండు పక్కల చక్రాలనూ ఒకే దండంగా కలిపే ఇరుసు) ఉన్న బండికి 40 మి.మీ. స్పేసరు వేశారు. కిందికి దిగే 90 కాస్తా 50 అయింది. కొండ బాటలో మూడు చక్రాలు రాళ్ల మీద ఉండి నాలుగోది గుంతలోకి దిగవలసి వచ్చినప్పుడు ఆ పోయిన 40 మి.మీ. విలువ తెలుస్తుంది. నేలను తాకాల్సిన చక్రం గాలిలో తిరుగుతుంది. చూడటానికి ఎత్తుగా ఉన్న బండి, కంపెనీ ఎత్తులో ఉన్న బండి సులువుగా దాటిన చోట ఆగిపోవడానికి కారణం ఇదే.

అయితే కొత్త పొడవాటి స్ప్రింగులు వేసి పాత షాక్‌లనే ఉంచినా సరిగ్గా ఇదే జరుగుతుంది. “స్పేసరు చెడ్డది, స్ప్రింగు మంచిది” అని దుకాణాల్లో చెప్పే మాటలో సగమే నిజం. కదలిక తిరిగి రావాలంటే షాక్ పొడవు పెరగాలి.

మరి ఎవరికి ఏది? సూటిగా చెప్పండి.

రోజూ ఒకరో ఇద్దరో కూర్చుని తిరిగే బండి, మీద అదనపు ఇనుము లేదు, స్ప్రింగులు ఇంకా కుంగలేదు, కాస్త పెద్ద టైరు పట్టాలి, కావలసిన ఎత్తు 25 నుంచి 30 మి.మీ. అంటే మంచి స్పేసరు చాలు. దానికి లక్ష ఖర్చు పెట్టమనడం అన్యాయం.

ముందు ఇనుప బంపరు, విన్చి (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియరు, వెనక సామాను శాశ్వతంగా ఉంటాయంటే కాయిల్ స్ప్రింగే. 40 మి.మీ. దాటాలనుకున్నా స్ప్రింగులే, వాటితోపాటు సరిపడే షాక్‌లు. 50 మి.మీ. స్పేసరును మాత్రం నేను ఎవరికీ చెప్పను, ఎంత తక్కువ ధరకు ఇచ్చినా సరే.

మాది ఉద్దానం. తోట నుంచి వెనక బస్తాలు వేసుకుని వస్తాం. స్పేసరు వేస్తే వెనక కుంగడం తగ్గుతుందా?

తగ్గదు. ఈ ప్రశ్నకు కాస్త అంకెలు కావాలి.

ఒక వెనక స్ప్రింగు మిల్లీమీటరు కుంగడానికి 2.5 కిలోలు కావాలనుకుందాం. 80 కిలోల జీడిపిక్కల బస్తాలు రెండు సరిగ్గా ఇరుసు మీదుగా వేశారు. మొత్తం 160 కిలోలు, ఒక్కో స్ప్రింగు మీద 80. అంటే వెనక 32 మి.మీ. కుంగుతుంది. స్పేసరు లేకపోయినా 32, ఉన్నా 32. మీరు 30 మి.మీ. స్పేసరు వేసి ఉంటే, బస్తాలు ఎక్కగానే కంపెనీ ఎత్తు కంటే ఇంకా 2 మి.మీ. కిందే ఉంటారు. తోటకు ఖాళీగా వెళ్లేటప్పుడు ఎత్తుగా, నిండుగా వచ్చేటప్పుడు మామూలుగా. కావలసింది దీనికి తలకిందులు.

అదే 30 శాతం గట్టి స్ప్రింగు అయితే మిల్లీమీటరుకు 3.25 కిలోలు. అవే బస్తాలకు దాదాపు 25 మి.మీ. మాత్రమే కుంగుతుంది. స్ప్రింగు పొడవులోనే ఎత్తు కూడా కలిసి ఉంటే, బరువుతో కూడా బండి మట్టంగా నిలుస్తుంది.

ఒక హెచ్చరిక. స్ప్రింగు గట్టిపడినంత మాత్రాన బండి మోయగలిగే చట్టబద్ధమైన బరువు పెరగదు. ఇరుసు, బ్రేకులు, టైర్లు పాతవే. తయారీదారు చెప్పిన మొత్తం బరువు దాటకూడదు.

గట్టి స్ప్రింగు అని అమ్మేవాళ్లు అంటారు. చూసి గుర్తుపట్టడం ఎలా?

కంటితో కష్టం. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య అలాగే ఉంచి 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. వాడితే స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది. ఒక్క మిల్లీమీటరే, రంగు పూత పొరలోనే సగం కనిపించకుండా పోతుంది. చుట్ల సంఖ్య తగ్గినా గట్టిపడుతుంది, చుట్టు వెడల్పు పెరిగితే మెత్తబడుతుంది.

అందుకే రంగు చూసి కాదు, కాగితం చూసి కొనండి. మంచి తయారీదారు ప్రతి స్ప్రింగుకూ ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరుకు ఎంత ఎత్తు, ఎంత అదనపు బరువుకు సరిపోతుంది, కుడి ఎడమలకు వేర్వేరా ఒకటేనా అన్నది పట్టికలో ఉంటుంది. “అన్నిటికీ ఇదే సరిపోతుంది” అన్నారంటే ఆ దుకాణంలో కొనకండి.

నా బండి బరువు నాకెలా తెలుస్తుంది?

విజయనగరం, బొబ్బిలి, నరసన్నపేట, పలాస, ఎటు చూసినా రైస్ మిల్లులు, వాటి దగ్గర లారీలను తూచే వే బ్రిడ్జిలు ఉన్నాయి. కోతల కాలం కాని రోజు, మధ్యాహ్నం పూట వెళితే లారీల వరుస ఉండదు. మూడుసార్లు తూచమనండి. మొదట బండి మొత్తం పళ్లెం మీద. తర్వాత ముందు చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉండేలా ఆపి. ఆ తర్వాత ముందు చక్రాలు పళ్లెం దాటాక వెనక చక్రాలు మాత్రమే. ప్రయాణానికి ఎలా బయలుదేరతారో అలాగే వెళ్లాలి: ట్యాంకు నిండుగా, మనుషులు కూర్చుని, సామాను కట్టి. ముందు, వెనక విడివిడిగా పెట్టిన రెండు తూకాలూ కలిపితే మొత్తానికి కాస్త అటూ ఇటూ రావడం మామూలే.

ఈ చీటీ చేతిలో పెట్టుకుని స్ప్రింగులు అమ్మేవారితో మాట్లాడితే సంభాషణ తీరే మారిపోతుంది. వినియోగదారుకు బరువు తెలుసని అర్థమయ్యాక “బాగా లేస్తుంది సార్” అనే మాట ఆగిపోతుంది.

బరువు పెట్టకుండా హెవీ స్ప్రింగులు వేస్తే ఏమవుతుంది? రేపు విన్చి పెట్టుకుంటాను కదా.

విన్చి వచ్చిన రోజే వేయించుకోండి. ఖాళీ బండికి బరువైన స్ప్రింగు వేస్తే అనుకున్నదాని కంటే ఎక్కువ లేస్తుంది, చిన్న గతుకుకు కూడా వెన్ను అదురుతుంది, వానలో వెనక చక్రం పట్టు తప్పుతుంది. ఇనుప బంపరూ విన్చీ కలిపి 70, 80 కిలోలు దాటడం మామూలే. ఆ బరువు ఉన్నప్పుడు అదే స్ప్రింగు హాయిగా ఉంటుంది.

థార్‌కు స్పేసరు ఎక్కడ పెడతారు? రెండు రకాలు అంటున్నారు.

2020లో వచ్చిన థార్‌కు ముందు వైపు రెండు చక్రాలూ విడివిడిగా కదిలే డబుల్ విష్‌బోన్ అమరిక. స్ప్రింగు, షాక్ ఒకే కట్టగా ఉంటాయి. వెనక బిగుసు ఇరుసు, కాయిల్ స్ప్రింగులు. ముందు వైపే తికమక.

మొదటి రకంలో స్పేసరును స్ప్రింగు కట్ట పైన, ఛాసిస్‌కు బిగించే చోట పెడతారు. కట్టను విప్పనక్కర్లేదు. రెండో రకంలో కట్ట విప్పి, స్ప్రింగుకూ అది ఆనే పళ్లేనికీ మధ్య బిళ్ల దూర్చి మళ్లీ నొక్కి బిగిస్తారు. ఈ రెండో రకంలో షాక్ కొలత మారదు కాబట్టి, పెరిగిన ఎత్తంతా కిందికి దిగే కదలికలోంచే కోసుకుంటుంది. మొదటి రకంలో షాక్ కదలిక అలాగే ఉంటుంది గానీ, చక్రం మునుపటి కంటే కిందికి దిగుతుంది. ఇంజను వైపు నుంచి చక్రానికి తిప్పే బలం తెచ్చే షాఫ్టు చివరి కీలు, అంటే సీవీ జాయింటు, అంత వంపులో తిరగవలసి వస్తుంది. రబ్బరు తొడుగు చిరగడం, గ్రీజు కారడం, మలుపులో కటకట చప్పుడు అక్కడే మొదలవుతాయి.

ఇంకో సంగతి. ఈ అమరికలో స్పేసరు మందం, బండి లేచే ఎత్తు ఒకటి కావు. స్ప్రింగు కట్ట చక్రం దగ్గర కాక, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి మధ్యలో ఆనుతుంది కాబట్టి, పైన పెట్టిన బిళ్ల మందానికి చాలా బండ్లలో ఒకటిన్నర నుంచి రెండు రెట్ల దాకా చక్రం దగ్గర ఎత్తు వస్తుంది. 25 మి.మీ. బిళ్ల చూసి “ఇంతేనా” అని 40 మి.మీ. బిళ్ల అడిగేవారు ఇక్కడే బోల్తా పడతారు.

జిమ్నీకి 40 మి.మీ. లేపించాను. ఎన్‌హెచ్-16 మీద 80 దాటితే స్టీరింగు తేలిపోతోంది.

జిమ్నీకి ముందూ వెనకా బిగుసు ఇరుసులే, నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు. ముందు ఇరుసును పట్టుకునే చేతులు వెనక్కి ఛాసిస్‌కు కలుస్తాయి. బాడీ పైకి లేవగానే ఆ చేతులు వాలి, ఇరుసును కాస్త ముందుకు తిప్పేస్తాయి. దానితో క్యాస్టర్ కోణం తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది మధ్యకు వచ్చేది ఆ కోణం వల్లే. తగ్గితే రణస్థలం దగ్గర పక్కగాలి తగిలినప్పుడల్లా మీరే సరిదిద్దుతూ కూర్చోవాలి.

మందు ఉంది. రంధ్రం పక్కకు జరిపి చేసిన క్యాస్టర్ బుష్‌లు (చేతుల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగులు) గానీ, కోణం సరిచేసిన చేతులు గానీ వేయాలి. స్పేసరైనా స్ప్రింగైనా ఈ ఖర్చు తప్పదు. 40 మి.మీ. కిట్టుతో ఇవి ఇవ్వకుండా అమ్మితే అది సగం కిట్టు.

ఇరుసును అడ్డంగా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ కూడా చూడాలి. బాడీ లేస్తే ఆ రాడ్ ఇరుసును ఒక పక్కకు కొన్ని మిల్లీమీటర్లు లాగుతుంది. తెలుసుకోవడం సులువు: దారానికి ఒక నట్టు కట్టి మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీసి, దారానికీ టైరుకూ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. తేడా పెద్దగా ఉంటే పొడవు సర్దుకునే రాడ్ వేయించండి.

స్టీరింగు తేలడం వేరు, ఒక గుంత తగలగానే ముందు చక్రాలు గజగజ వణకడం వేరు. రెండోదానికి కారణం తరచుగా ముందు చక్రాలు పక్కలకు తిరిగే కీళ్లలో అరిగిన కింగ్‌పిన్ బేరింగులు, వదులైన బుష్‌లు, సమతూకం లేని టైర్లు. లిఫ్టు వాటిని బయటపెడుతుంది.

లిఫ్టు వేస్తే కింద ఇరుసు రాయికి తగలదు కదా?

బిగుసు ఇరుసు ఉన్న బండిలో తగులుతుంది. స్పేసరైనా స్ప్రింగైనా లేపేది బాడీని, ఛాసిస్‌ను. ఇరుసు చక్రాల మధ్య ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. ఇరుసు మధ్యలో గుండ్రంగా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ అంగుళం కూడా పైకి రాదు. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు మాత్రమే.

లెక్క చూడండి. జిమ్నీ టైరు 195/80 ఆర్15. దాని వ్యాసం 693 మి.మీ. 215/75 ఆర్15 వేస్తే 703.5 మి.మీ. తేడాలో సగమే ఇరుసుకు దక్కుతుంది, అంటే 5 మి.మీ. 235/75 ఆర్15 అయితే వ్యాసం 733.5, ఇరుసు 20 మి.మీ. లేస్తుంది. కానీ ఇంత పెద్ద టైరుతో స్పీడోమీటరు దాదాపు 6 శాతం తక్కువ చూపిస్తుంది, ఇంజను లాగడం మందగిస్తుంది.

మన పొలం దారులకు ఇది ముఖ్యం. ట్రాక్టరు చక్రాలు లోతుగా గాడి కోస్తాయి, మధ్యలో మట్టి గట్టు మిగులుతుంది. వాన వెలిశాక అది ఎండి రాయి అవుతుంది. గాడిలో దిగితే డిఫరెన్షియల్ ఆ గట్టును దున్నుకుంటూ పోతుంది, లిఫ్టు ఎంత ఉన్నా. గట్టు మీద ఒక చక్రం, గాడి బయట ఒక చక్రం వేసి నడపడం ఏ కిట్టు కంటే మేలు.

లిఫ్టు ఉపయోగపడేది ఛాసిస్ కడుపు, ముందు వెనక బంపర్లు తగలకుండా. ఏటి గట్టు ఎక్కి దిగేటప్పుడు మధ్యలో ఆనుకుపోయేవారికి అది అక్కరకొస్తుంది.

కళింగపట్నం, బారువ వైపు ఇసుకలో నడపడానికి ఏది మంచిది?

ఏదీ కాదు. ఇసుకకు కావలసింది టైరులో గాలి తగ్గించడం. 15 నుంచి 18 పీఎస్‌ఐకి దించితే టైరు పొడవుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపే పంపు బండిలో ఉండాలి. తక్కువ గాలితో మలుపులు వేగంగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది.

తీరం మాట వచ్చింది కాబట్టి: శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు శ్రీకాకుళం తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గూళ్లు పైకి కనిపించవు. నీటి అంచున బండి నడిపి వీడియోలు తీసుకునే సరదా మానుకోవచ్చు. వంశధార, నాగావళి పొడి ఇసుక మేటల మీద కూడా, ఎగువన వానలు ఉన్నప్పుడు దిగకండి.

అనంతగిరి ఘాట్‌లో, సాలూరు ఘాట్‌లో లేపిన బండి ప్రమాదమా?

గురుత్వ కేంద్రం పైకి పోయిందంటే మలుపులో వాలడం పెరిగినట్టే. శృంగవరపుకోట దాటి అరకు ఎక్కే దారి, ఒడిశా వైపు నుంచి సాలూరుకు ఎన్‌హెచ్-26 మీద లారీల మధ్య దిగే దారి, రెండింటిలోనూ ఇది తెలుస్తుంది. ఒకే ఎత్తులో పోలిస్తే, సరిపడే షాక్‌లతో ఉన్న గట్టి స్ప్రింగు స్పేసరు కంటే తక్కువ వాలుతుంది. పైన క్యారియరు మీద బరువు పెట్టినవారు స్పేసరుతో ఘాట్ దిగకపోవడం మంచిది. మలుపులో బండి వాలడాన్ని తగ్గించే స్టెబిలైజర్ బారును “అడ్డం” అని విప్పేసే మెకానిక్కులు ఉన్నారు. రోడ్డు మీద తిరిగే బండికి దాన్ని విప్పనివ్వకండి.

తుపాను సమయంలో నీటిలో దాటడానికి పనికొస్తుందని లిఫ్టు వేయించాలనుకుంటున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసినవారికి ఈ ఆలోచన రావడం సహజమే. కానీ 40 మి.మీ. ఎత్తుతో ప్రవాహం ముందు ఏమీ మారదు. అడుగు లోతు పారే నీరు చిన్న కార్లను కదిలిస్తుంది, రెండడుగులు చాలా బండ్లను తోసుకుపోతుంది. కల్వర్టు మీద నీరు పారుతుంటే ఆగడమే. నిలిచిన నీటిలో అయితే కంపెనీ చెప్పిన లోతే లెక్క: 2020 థార్‌కు అది 650 మి.మీ. ఇరుసుల గాలి గొట్టాలు, అంటే బ్రీదర్లు, ఎత్తుకు కట్టించుకోవడం లిఫ్టు కంటే చవక, ఎక్కువ ఉపయోగం. తుపాను తర్వాత రోడ్డు మీద పడిన చెట్లను తప్పించడానికి రంపం, తాడు కావాలి.

లేత్ మీద నైలాన్ స్పేసర్లు చేయించుకోవచ్చా? పదో వంతు ధరకే అవుతాయి.

మంచి లేత్ పనివాడు మంచి స్పేసరు చేయగలడు, అనుమానం లేదు. తేలాల్సింది మూడు సంగతులు. పై కింది ముఖాలు సమాంతరంగా ఉండాలి. స్ప్రింగు పక్కకు జారకుండా అంచు, దాని చివరి చుట్టు ఆనే గాడి ఉండాలి. వస్తువు పాత సామాను కొట్టులో దొరికిన ఏదో దిమ్మె కాకూడదు. బరువు కింద కాలక్రమాన పిండి అయ్యే ప్లాస్టిక్కులు చాలా ఉన్నాయి.

తీరానికి దగ్గరగా ఉండేవారు అల్యూమినియం కంటే పాలీయురెథేన్ ఎంచుకోండి. ఉప్పు తడిలో అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి ఆనుకుంటే అల్యూమినియం తుప్పుకు తినుకుపోతుంది. ఒకదాని మీద ఒకటి రెండు స్పేసర్లు పేర్చడం, ఇనుప పైపు ముక్క వెల్డింగు చేయడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు?

అవి లిఫ్టు కాదు. కొన్ని చుట్లను పనిచేయకుండా కట్టేసి మిగిలిన చుట్ల మీద భారం వేస్తాయి. కుంగిన స్ప్రింగును దాచడానికి కొన్నాళ్లు పనికొస్తాయి. కొండ బాటకు వద్దు.

స్పేసరు, స్ప్రింగు రెండూ కలిపి వేయవచ్చా?

ఒక సందర్భంలో అది సరైన పనే. కొత్త స్ప్రింగులు వేశాక బండి ఒక పక్కకు వాలి ఉంటుంది. డ్రైవరు, ఇంధన ట్యాంకు, రెండో బ్యాటరీ ఒకే పక్కన చేరడం దీనికి కారణం. అప్పుడు తక్కువగా ఉన్న పక్క 5 లేదా 10 మి.మీ. స్పేసరు వేసి సరిచేస్తారు. ఎత్తు కోసం కాకుండా మట్టం కోసం వాడే స్పేసరు ఇది. 40 మి.మీ. స్ప్రింగు మీద ఇంకో 30 మి.మీ. స్పేసరు వేయమనే కోరిక వేరే సంగతి. దాన్ని వినకపోవడమే మెకానిక్కు చేయగల మేలు.

బంప్ స్టాప్ మార్చాలా?

స్పేసరు వేసినప్పుడు తప్పకుండా. పూర్తిగా నొక్కుకున్నప్పుడు స్ప్రింగుకు మిగిలే చోటు స్పేసరు మందం మేర తగ్గుతుంది, చుట్లు ఒకదాన్నొకటి తాకి లోహం మీద లోహం పడుతుంది. దానికి ముందే ఇరుసును ఆపేలా బంప్ స్టాప్ రబ్బరును అంతే మందంతో కిందికి దించాలి. పెద్ద టైరు మడ్‌గార్డుకు తగలకుండా కాపాడేది కూడా అదే.

మాది బొలెరో. వెనక కమాన్ పట్టీలు. ఇవన్నీ వర్తిస్తాయా?

ముందు కాయిల్ ఉంటే ముందుకు వర్తిస్తాయి. పాత బండ్లలో ముందు టోర్షన్ బారు (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) కూడా ఉంటుంది, కాబట్టి కింద వంగి చూసి మొదలుపెట్టండి. వెనక పట్టీలకు దారి వేరు: వంపు ఎక్కువున్న కొత్త కట్ట, లేదా ఒక పట్టీ అదనంగా. నాలుగు వైపులా పట్టీలే ఉన్న పాత జిప్సీకీ ఇదే మాట. ముందు ఇరుసుకూ పట్టీలకూ మధ్య దిమ్మెలు పెట్టకండి, బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరుగుతుంది.

చట్టం ఏమంటుంది? బీమా?

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. “అందరూ చేస్తున్నారు” అనేది ఆర్టీఓ కార్యాలయంలో చెల్లే జవాబు కాదు.

బీమా సంస్థకు ముందే రాతపూర్వకంగా తెలిపి, వారి జవాబు దాచుకోండి. చెప్పని మార్పు ప్రమాదం తర్వాత సర్వేయరు కంటపడితే పరిహారం చిక్కులో పడుతుంది. కంపెనీ వారంటీ ఉన్న బండి అయితే సస్పెన్షన్, సీవీ జాయింట్ల మీద ఆశ వదులుకుని దిగండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఎక్కలేకపోతున్నారు.

పక్క మెట్టు పెట్టించండి. అదీ చాలకపోతే 30 మి.మీ. తగ్గించండి. అరసవల్లి ఆలయానికి తీసుకెళ్లడానికి అమ్మగారు ఆటో పిలిపించుకుంటుంటే ఆ బండి ఎందుకు?

బిగించే రోజు దగ్గరుండి ఏం చూడాలి?

పని మొదలు కాకముందు సిమెంటు నేల మీద బండి ఆపి, చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవకండి, టైరు గాలి మారితే అంకె మారుతుంది. పని అయ్యాక బండిని కాస్త దూరం నడిపి వచ్చి, ట్యాంకులో ఇంధనం అంతే ఉండగా మళ్లీ కొలవండి. కొత్త స్ప్రింగులు తొలి 1000 కిలోమీటర్లలో కొద్దిగా కూర్చుంటాయి, అప్పుడు ఇంకోసారి.

స్ప్రింగు కట్టను విప్పాల్సి వస్తే స్ప్రింగును నొక్కి పట్టే పరికరం, అంటే స్ప్రింగ్ కంప్రెసర్, ఉందో లేదో అడగండి. తాడుతోనో కట్టు తీగతోనో స్ప్రింగును కట్టి విప్పబోతే అక్కడి నుంచి లేచి రండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే దవడ పగులుతుంది.

చేతుల బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడ్డాకే పూర్తిగా బిగించాలి. జాకీ మీద, ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, కొద్ది నెలల్లో చీలుతుంది. చాలా దుకాణాల్లో తొందరలో జరిగే తప్పు ఇదే. తర్వాత చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీసి, స్టీరింగును రెండు కొసలకూ తిప్పి, బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ బిగుసుకుపోతున్నాయేమో వేలితో తాకి చూడండి.

ఆ తర్వాత అలైన్‌మెంటు. అచ్చు వేసిన కాగితం తీసుకోండి. బిగుసు ఇరుసు బండిలో ఆ యంత్రం దగ్గర సరిచేయగలిగేది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో చూసే కోణం) మాత్రమే, కానీ క్యాస్టర్ అంకె కాగితం మీద కనిపిస్తుంది. హెడ్‌లైట్లు దించించడం మరిచిపోతే రాత్రి ఎదురుగా వచ్చేవారి శాపాలు తగులుతాయి.

ఖర్చు ఎంత తేడా?

స్పేసర్లు, బిగింపు, అలైన్‌మెంటు కలిపి వేలల్లో తేలుతాయి. స్ప్రింగులు, షాక్‌లు, క్యాస్టర్ సరిచేసే సామాను కలిస్తే పదివేలు దాటి లక్ష వైపు నడుస్తుంది. డబ్బు కొంతే ఉంటే వరుస ఇది: ముందు టైర్లు, తర్వాత షాక్‌లు, చివర స్ప్రింగులు.

తీరప్రాంతంలో కొత్త స్ప్రింగులు తుప్పు పట్టకుండా?

పూత చిట్లిన చోట, ముఖ్యంగా చివరి చుట్టు పళ్లెం మీద ఆనే చోట తుప్పు మొదలవుతుంది. ఇసుక చేరేదీ అక్కడే. సముద్రం వైపు వెళ్లి వచ్చిన రోజే మంచినీటితో ఆ పళ్లేలను కడిగించండి. పూత పోయిన మచ్చలకు అప్పుడే రంగు వేయండి. తుప్పు గుంత పడ్డ చోటే స్ప్రింగు విరుగుతుంది.

తీసేసిన కంపెనీ స్ప్రింగులు పాత సామాను వాళ్లకు ఇచ్చేయవచ్చా?

ఇవ్వకండి. ముందు కుడి, ముందు ఎడమ, వెనక కుడి, వెనక ఎడమ అని రంగుతో గుర్తుపెట్టి, పలచగా గ్రీజు రాసి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు కొనేవారు అడుగుతారు. పదిహేనేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి బండి తనిఖీకి వెళ్లేటప్పుడూ వాటి అవసరం పడుతుంది.